కొత్త స్టీరింగు, మూగబోయిన హారన్

పాత కారుకు పుట్టుకతో వచ్చిన స్టీరింగును తీసివేసి, బయటి కంపెనీ తయారుచేసిన తోలు తొడుగు స్టీరింగునో, చెక్క అంచు స్టీరింగునో బిగించుకోవడం క్లాసిక్ కార్ల యజమానులలో దశాబ్దాలుగా ఉన్న అలవాటు. ఇటలీ నుంచి నార్డి, మోమో, ఇంగ్లండు నుంచి మోటో-లీటా, అమెరికా నుంచి గ్రాంట్ ఈ రంగంలో బాగా వినిపించే పేర్లు. ఈ మార్పిడి చేసిన కార్లలో పదేపదే ఎదురయ్యే ఫిర్యాదు స్టీరింగుకు సంబంధించినది కాదు, హారన్‌కు సంబంధించినది. కొన్ని కార్లలో హారన్ అసలు మోగదు. కొన్నింటిలో బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి ఆగకుండా మోగుతుంది. మరికొన్నింటిలో బండిని మలుపు తిప్పినప్పుడు మాత్రమే దానంతట అది కూస్తుంది. ఇంకొన్నింటిలో నొక్కిన ప్రతిసారీ ఫ్యూజు పోతుంది. ఇవి వేర్వేరు జబ్బులుగా కనిపిస్తాయి కాబట్టే హారన్ మార్చి చూడడం, ఫ్యూజు మార్చి చూడడం, చివరికి విసిగి డాష్‌బోర్డు కింద ఒక విడి బటన్ పెట్టుకోవడం జరుగుతుంటాయి. నిజానికి వీటన్నింటి వేరు ఒక్కచోటే ఉంది. పాత స్టీరింగు నడిబొడ్డు ఒక విద్యుత్ వలయంలో భాగం. దాన్ని ఊడదీసినప్పుడు ఆ వలయం తెగుతుంది. కొత్త స్టీరింగు ఆ తెగిన ముక్కను సరిగ్గా అదే కారు పద్ధతిలో తిరిగి కట్టకపోతే హారన్ పనిచేయదు.

కారులో ఏ పరికరం పనిచేయాలన్నా కరెంటుకు రెండు దారులు కావాలి. ఒకటి బ్యాటరీ నుంచి పరికరానికి చేరే దారి, రెండోది పరికరం నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. రెండో దారికి ప్రత్యేకంగా తీగ వేయకుండా కారు ఇనుప శరీరాన్నే వాడుకుంటారు. షెడ్లలో దీన్నే ఎర్త్ అంటారు. హెడ్‌లైట్ల వంటి వాటికి స్విచ్చు సాధారణంగా మొదటి దారిలో ఉంటుంది. హారన్ విషయంలో చాలా కంపెనీలు ఇందుకు విరుద్ధంగా వెళ్లి స్విచ్చును ఎర్త్ వైపు పెట్టాయి. అంటే హారన్ ఒక కొసకు ఫ్యూజు గుండా కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. రెండో కొస నుంచి బయలుదేరిన తీగ స్టీరింగు కాలమ్ గుండా పైకి వచ్చి బటన్ దగ్గర ఆగిపోతుంది. బటన్ నొక్కినప్పుడు ఆ తీగ స్టీరింగు లోహానికి తగిలి, అక్కడి నుంచి షాఫ్టు, స్టీరింగు బాక్సు, ఛాసిస్ మీదుగా బ్యాటరీకి చేరుతుంది. ఈ ఏర్పాటులో ఒక పొదుపు ఉంది: తిరుగుతూ ఉండే స్టీరింగు దాకా ఒక్క తీగను చేర్చగలిగితే చాలు, రెండో తీగ పని షాఫ్టే చేస్తుంది. ఆ పొదుపుకు మూల్యం కూడా ఉంది. షాఫ్టు, దాని మీది పళ్లు, కొత్తగా వచ్చిన అల్యూమినియం ముక్క, దాని మరలు, బటన్ అంచు, ఇన్ని లోహాలు ఒకదానికొకటి గట్టిగా, శుభ్రంగా తగిలి ఉంటేనే హారన్ మోగుతుంది.

అసలు చిక్కు ఆ ఒక్క తీగను చేర్చడంలోనే ఉంది. స్టీరింగు ఇటు నుంచి అటు చివరి దాకా మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. తీగను నేరుగా కట్టేస్తే అది మెలిపడి తెగుతుంది. దీనికి ఒక్కో కాలం, ఒక్కో దేశం ఒక్కో పరిష్కారం కనిపెట్టాయి. 1950ల నాటి అనేక బ్రిటిష్ కార్లలో స్టీరింగు షాఫ్టు బోలుగా ఉండి, దాని నడుమ నుంచి తిరగని ఒక సన్నని గొట్టం పైదాకా వచ్చేది. హారన్ తీగ, దిక్కు చూపే ట్రాఫికేటర్ తీగలు ఆ గొట్టంలోంచి నడిచి స్టీరింగు బాక్సు అడుగున బయటపడేవి. స్టీరింగు తిరుగుతున్నా నడిమి బటన్ మాత్రం నిలకడగా ఉండేది. ఆ తర్వాత జారుడు రింగు పద్ధతి వచ్చింది. స్టీరింగు వెనుక వైపున, షాఫ్టు చుట్టూ గుండ్రంగా ఒక రాగి లేదా ఇత్తడి పళ్లెం ఉంటుంది; దాని మీద స్ప్రింగు ఒత్తిడితో ఒక చిన్న లోహపు మొన రాసుకుంటూ ఉంటుంది; రెండింటిలో ఒకటి స్టీరింగుతో తిరుగుతుంది, రెండోది కాలమ్‌కు అంటి నిలుస్తుంది. బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో ఈ మొనను ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టంలో అమర్చేవారు కాబట్టి దానికి పెన్సిల్ అనే పేరు స్థిరపడింది. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లలో ఇండికేటర్‌ను వెనక్కి తెచ్చే ప్లాస్టిక్ క్యామ్‌లోనే ఈ రింగును కలిపేశారు. ఆ క్యామ్‌కు ఉన్న చిన్న గొట్టంలోకి హారన్ తీగ కొసను దూర్చి కాస్త తిప్పితే అది అక్కడ చిక్కుకుని నిలుస్తుంది.

ఈ పద్ధతులన్నింటికీ భిన్నంగా నడిచినవి రెండున్నాయి. 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్‌లో స్విచ్చు ఎర్త్ వైపు కాదు, కరెంటు వైపు ఉంటుంది: ఒక తీగ కరెంటును బటన్ దాకా తెస్తుంది, మరో తీగ దాన్ని హారన్‌కు తీసుకుపోతుంది, అందుచేత అక్కడ రింగులూ రెండే, మొనలూ రెండే. రెండోది ఫ్రెంచి దారి. సిట్రోయెన్, రెనో కంపెనీల కార్లు చాలావాటిలో హారన్ బటన్ స్టీరింగు మీద కాక, పక్కన ఉండే ఇండికేటర్ కాడ చివర ఉంటుంది. అలాంటి కారుకు ఏ స్టీరింగు పెట్టినా హారన్‌కు ఏమీ కాదు. కారు ఈ కోవకు చెందినదని ముందే చూసుకున్నవారికి ఈ వ్యాసంతో పనే లేదు.

కొత్త స్టీరింగు షాఫ్టు మీద నేరుగా కూర్చోదు. నడుమ ఒక అల్యూమినియం దిమ్మ అవసరమవుతుంది. బ్రిటిష్ వాడుకను బట్టి దీన్ని బాస్ అంటారు. దాని లోపలి రంధ్రానికి ఆ కారు షాఫ్టుకు తగిన పళ్లు ఉంటాయి. ముందు ముఖం మీద ఆ స్టీరింగు కంపెనీకి తగిన మర రంధ్రాలు ఉంటాయి. మోమో స్టీరింగులకు 70 మిల్లీమీటర్ల వృత్తం మీద ఆరు రంధ్రాలు, నార్డి స్టీరింగులకు 74 మిల్లీమీటర్ల వృత్తం మీద ఆరు రంధ్రాలు ఉండడం వాడుక. నాలుగు మిల్లీమీటర్లే కదా అని రంధ్రాలను ఆకురాయితో పొడిగించి బిగించిన స్టీరింగు నడిమధ్యలో కూర్చోదు, చేతిలో తిరుగుతున్నప్పుడు ఊగుతుంది. బాస్ వెనుక ముఖం మీదనే హారన్ కథంతా ఉంటుంది: అక్కడ రాగి రింగు, దాని కింద విద్యుత్తును అడ్డుకునే ఫైబర్ లేదా ప్లాస్టిక్ పొర, రింగుకు అతికి బాస్‌లోని చిన్న రంధ్రం గుండా ముందుకు వచ్చే ఒక తీగ కనిపిస్తాయి. ఆ తీగ బటన్‌కు కలుస్తుంది. మంచి బాస్ అంటే ఈ మూడూ ఆ కారు కోసం కొలిచి చేసినది. అనేక కార్లకు సరిపోతుందని చెప్పి అమ్మే బాస్‌లలో తరచూ లోపించేది సరిగ్గా ఈ కొలతే.

ఈ లోపానికి చారిత్రకమైన కారణం ఒకటి ఉందనిపిస్తుంది. ఈ స్టీరింగులలో పేరున్నవి కొన్ని పందేల కార్ల నుంచి వచ్చాయి. రేసింగు డ్రైవరు జాన్‌పియెరో మొరెట్టి తన కారు కోసం చేయించుకున్న స్టీరింగుతో మొదలై, 1964లో మోమో కంపెనీ రూపు దిద్దుకుంది. మొరెట్టి, మోంజా అనే రెండు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. అదే ఏడాది ఫెరారీలో ప్రపంచ ఛాంపియన్ అయిన జాన్ సర్టీస్ ఆ స్టీరింగును వాడాడు. పందెపు కారుకు హారన్ ఉండదు, అవసరమూ లేదు. పట్టు, బరువు, వ్యాసం, చేతికి దూరం అనే నాలుగు ప్రశ్నలకు జవాబుగా పుట్టిన వస్తువు వీధి కారులోకి వచ్చినప్పుడు హారన్ బటన్ దానికి తర్వాత తోడైన భాగంగానే మిగిలింది. పాత కారు తయారీదారుడు స్టీరింగును, హారన్‌ను, ఇండికేటర్‌ను ఒకే యంత్రాంగంగా గీశాడు. కొత్త ఏర్పాటులో స్టీరింగు ఒకరిది, బాస్ మరొకరిది, బటన్ కొన్నిసార్లు మూడో వారిది. ముగ్గురి మధ్య కుదిరే బాధ్యత చివరికి షెడ్డులోని మెకానిక్కు మీద పడుతుంది.

హారన్ పూర్తిగా మూగబోవడమే అన్నిటికంటే ఎక్కువగా కనబడే లోపం. దానికి మొదటి కారణం మొన రింగుకు అందకపోవడం. కొత్త బాస్ పాత స్టీరింగు మెడ కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు కాలమ్‌కు దూరంగా ఉంటే చాలు, పెన్సిల్ స్ప్రింగు పూర్తిగా సాగినా మొన గాలిలోనే ఉంటుంది. ఇలాంటప్పుడు స్టీరింగు పైకి లాగి పట్టుకుంటే మోగకపోవడం, లోపలికి నొక్కి పట్టుకుంటే మోగడం ఈ కారణాన్ని పట్టి ఇస్తాయి. దీనికి వాషరు వేసో, స్టీరింగును లోతుగా దించో పరిష్కారం వెతకడం తప్పు, ఎందుకు తప్పో తర్వాత చెప్పుకోవలసి ఉంది. సరైన పొడవు గల పెన్సిల్ లేదా స్ప్రింగు తెచ్చుకోవడమే మార్గం. పొడవు మరీ ఎక్కువైనా హాని ఉంది. మొన రింగును గట్టిగా రాసుకుంటూ గాడి పెడుతుంది, తిప్పినప్పుడు గీరుతున్న చప్పుడు వస్తుంది, కొద్ది నెలల్లో రింగు అరిగి అడుగు పొర బయటపడుతుంది.

రెండో కారణం కంటికి అందంగా ఉండి మోసం చేస్తుంది. చాలా బాస్‌లు నల్లగా, నిగనిగలాడుతూ వస్తాయి. ఆ నలుపు కొన్నిసార్లు రంగు, కొన్నిసార్లు అనోడైజింగ్. అంటే అల్యూమినియం ఉపరితలాన్ని ఆమ్ల ద్రావణంలో విద్యుత్తుతో గట్టి ఆక్సైడు పొరగా మార్చి, దానికి రంగు పట్టించడం. ఆ పొర గట్టిది, తుప్పు పట్టనీయదు, కానీ విద్యుత్తును దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. బాస్ ముందు ముఖానికీ స్టీరింగు నడిమి రేకుకూ మధ్య, రేకుకూ బటన్ అంచుకూ మధ్య ఆ పొర ఉన్నంతసేపు ఎర్త్ అందదు. ఆరు మరలలో ఏదో ఒకటి తన గాడిలో పొరను గీరి లోహాన్ని తాకితే హారన్ మోగుతుంది, కొంచెం వదులైతే మళ్లీ ఆగిపోతుంది. ఇది ఒక రోజు మోగి ఒక రోజు మోగని కార్లలో చాలావాటి కథ. బాస్ ముఖం మీద, కనపడని చోట, గోరంత మేర పొరను సన్నని గరుకు కాగితంతో గీకి తెల్లని లోహం బయటపెట్టడం, లేదా ఒక మర కింద ఎర్త్ తీగ కొసను నొక్కి బటన్‌కు కలపడం దీనికి తేలికైన చికిత్స.

బటన్ నిర్మాణాన్ని తలకిందులు చేసి చూసినవారికి మూడో కారణం అర్థమవుతుంది. కొన్ని బటన్ల వెనుక ఇత్తడి చివరలు రెండు ఉంటాయి. ఒకదానికి బాస్ రింగు నుంచి వచ్చిన తీగ, రెండోదానికి ఎర్త్ తీగ కలపాలి, నొక్కినప్పుడు లోపలి రేకు రెండింటినీ కలుపుతుంది. మరికొన్నింటి వెనుక నడుమ ఒకే చివర ఉంటుంది. బటన్ చుట్టూ ఉన్న లోహపు అంచే రెండో చివర, అది స్టీరింగు గుంటలో బిగుసుకుని కూర్చుని బాస్ నుంచి ఎర్త్ తీసుకుంటుంది. రెండు చివరల బటన్‌కు ఒక్క తీగే కలిపితే హారన్ మోగదు. ఒక్క చివర బటన్‌ను ప్లాస్టిక్ పట్టీ ఉన్న స్టీరింగులో పెట్టినా మోగదు. చిన్న తేడానే, కానీ డబ్బాలో సూచనల కాగితం లేనప్పుడు దీని మీద సాయంత్రాలు ఖర్చయిపోతాయి.

నాలుగో కారణం స్టీరింగుకు దూరంగా, బానెట్ కింద ఉంటుంది. రోడ్డు కుదుపులు చేతికి రాకుండా షాఫ్టుకూ స్టీరింగు బాక్సుకూ నడుమ చాలా కార్లలో రబ్బరు కప్లింగ్ పెట్టారు. రబ్బరు విద్యుత్తును పోనివ్వదు. అందుకని ఆ కప్లింగ్ రెండు వైపులనూ కలుపుతూ ఒక చిన్న తీగో, అల్లిక పట్టీయో వేశారు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, హెరాల్డ్ కార్లలోను, ఫోక్స్‌వాగన్ బీటిల్‌లోను దీన్ని చూడవచ్చు. స్టీరింగు మార్చే సందర్భంలోనే పాత కప్లింగ్‌ను కూడా మార్చి, ఆ చిన్న తీగను చెత్తలో పారేసిన కార్లలో లోపాన్ని బాస్ దగ్గర ఎంత వెతికినా దొరకదు. షాఫ్టుకు ఎర్త్ లేనప్పుడు దాని పైన ఉన్న బాస్ ఎంత శుభ్రంగా ఉన్నా ప్రయోజనం లేదు.

ఆగకుండా మోగే హారన్ దీనికి ఎదురు దిక్కు రోగం. అక్కడ ఎర్త్ అందకపోవడం కాదు, అందకూడని చోట అందడం జరుగుతుంది. హారన్ నుంచి వచ్చిన తీగ బటన్ చేరకముందే ఎక్కడో లోహానికి తగులుతోందన్నమాట: బాస్ రంధ్రం అంచున తీగ పై తొడుగు కోసుకుపోయి ఉండవచ్చు, ఇత్తడి చివర కాస్త పొడవై స్టీరింగు రేకును తాకుతూ ఉండవచ్చు, రింగు కింది ఫైబర్ పొర పగిలి ఉండవచ్చు, బటన్‌ను గుంటలో మరీ లోతుగా నొక్కి కూర్చోబెట్టడం వల్ల అది ఎప్పుడూ నొక్కినట్టే ఉండిపోవచ్చు. మలుపులో మాత్రమే కూసే హారన్ కూడా ఇదే జాతిది. రింగు ఒక పక్కకు ఒరిగి ఉంటే, లేదా అరిగిన ప్లాస్టిక్ బుష్ వల్ల షాఫ్టు కాలమ్ గొట్టంలో ఊగుతూ ఉంటే, ఒక కోణంలో మాత్రమే తగలకూడనిది తగులుతుంది. ఏ కోణంలో కూస్తుందో స్టీరింగు మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటే, బాస్ విప్పినప్పుడు ఆ గుర్తుకు సూటిగా వెనుక ఉన్న చోటనే మెరిసే గీత కనిపిస్తుంది.

ఫ్యూజు పోవడం చాలావరకు పద్ధతులను కలగలపడం వల్ల జరుగుతుంది. మస్టాంగ్ లాంటి కారులో కరెంటు తీగ నేరుగా బటన్ దాకా వస్తుంది. దాన్ని ఎర్త్ పద్ధతి కోసం చేసిన ఒక్క చివర బటన్‌కు కలిపితే, నొక్కినప్పుడల్లా బ్యాటరీ కరెంటు నడుమ హారన్ అనే అడ్డు లేకుండా సరాసరి శరీరంలోకి పోతుంది. తీగల రంగులు కూడా ఇలాంటి పొరపాటుకు దారి తీస్తాయి. లూకాస్ కంపెనీ వాడుకను అనుసరించిన బ్రిటిష్ కార్లలో నల్ల తీగ ఎర్త్, ఊదా తీగ ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజు తీగ, ఊదా మీద నల్ల గీత ఉన్నది హారన్ నుంచి బటన్‌కు వచ్చేది. గోధుమ తీగ మాత్రం బ్యాటరీ నుంచి ఫ్యూజు కూడా లేకుండా వచ్చే ప్రధాన తీగ. జర్మన్ కార్లలో అదే గోధుమ రంగు ఎర్త్‌కు గుర్తు. బీటిల్ మీద చేయి తిరిగిన మెకానిక్కు బ్రిటిష్ ఎంజీబీ కాలమ్ కింద గోధుమ తీగను చూసి ఎర్త్ అనుకుంటే జరిగేది ఫ్యూజు పోవడంతో ఆగదు, తీగల కట్ట మొత్తం కాలవచ్చు. ఈ ఒక్క కారణం చేతనైనా, ఏ తీగ ఏదో రంగును బట్టి నమ్మకుండా పరీక్షించి నిర్ధారించుకోవడం తప్పనిసరి.

పరీక్ష విషయంలో చేయితిరిగినవారి పద్ధతులు చాలావరకు ఒక క్రమానికే చేరుతాయి. ముందు హారన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు ఇచ్చి అది బతికి ఉందో లేదో చూడాలి. తర్వాత, ఎర్త్ పద్ధతి కారు అయితే, కాలమ్ అడుగున హారన్ తీగ కలిసే చోట ఆ తీగను విడదీసి, ఒక ముక్క తీగతో ఛాసిస్ లోహానికి తాకించాలి. మోగితే లోపం కాలమ్‌కు పైన ఉంది. మోగకపోతే ఫ్యూజు, హారన్, వాటి తీగల వైపు ఉంది. ఈ ఒక్క పరీక్ష సగం కారును విచారణ నుంచి తప్పిస్తుంది కాబట్టి, స్టీరింగు విప్పడానికి ముందే దీన్ని చేయకపోవడం వృథా శ్రమకు ఒప్పుకోవడమే. ఆ పైన స్టీరింగు బాస్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ సరిగా ఉందో లేదో చూడాలి. స్టీరింగును ఇటు చివర నుంచి అటు చివర దాకా మెల్లగా తిప్పుతూ చూడాలి.

ఇక్కడ మల్టీమీటరు మీద అతి నమ్మకం ఒక ఉచ్చు. నిరోధాన్ని కొలిచే మీటరు చాలా చిన్న కరెంటుతో పరీక్షిస్తుంది. పదిహేను పోగుల తీగలో పద్నాలుగు తెగి ఒక్కటి మిగిలినా అది దారి బాగుందనే చెబుతుంది. హారన్ మాత్రం ఆంపియర్లు అడుగుతుంది. అందుకని 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి బ్యాటరీ కరెంటుకు, మరొకటి బాస్ లోహానికి తాకించి చూడడం మేలు. ఆ బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది, నిండుగా వెలిగితే దారి నిజంగా బాగున్నట్టు, ఎర్రగా మసకగా వెలిగితే ఎక్కడో ఎర్త్ బలహీనంగా ఉన్నట్టు. ఈ పాత షెడ్డు పద్ధతి ఈ ఒక్క పనిలో అంకెల మీటరు కన్నా నిజం చెబుతుంది.

మోగుతుంది కానీ నీరసంగా మోగుతుంది అనే ఫిర్యాదు ఈ బలహీనమైన దారికి మరో ముఖం. రిలే గురించిన చర్చ కూడా ఇక్కడే మొదలవుతుంది. రిలే అంటే చిన్న కరెంటుతో పనిచేసే విద్యుదయస్కాంతం చేత పెద్ద కరెంటు స్విచ్చును మూయించే పరికరం. పాత కార్లలో చాలావాటికి హారన్ రిలే లేదు. హారన్ లాగే కరెంటు మొత్తం బటన్ గుండానే నడిచేది. జంట హారన్లు కలిసి 8 ఆంపియర్లు లాగుతున్నాయని, కొత్త రింగు, మొన, బాస్ మరలు, బటన్ అంచు అన్నీ కలిసి అర ఓం నిరోధం పెడుతున్నాయని అనుకుంటే, 4 వోల్టులు దారిలోనే ఖర్చయి హారన్‌కు 12కు బదులు 8 మాత్రమే మిగులుతాయి. అది గొంతు బొంగురుపోయినట్టు కూస్తుంది. అదే దారిలో రిలే కాయిల్‌ను పెడితే, అది లాగేది దాదాపు 0.15 ఆంపియరే కాబట్టి పోయేది 0.075 వోల్టు, అంటే లెక్కలోకి రానంత. హారన్ కరెంటు మాత్రం బానెట్ కింద బ్యాటరీ నుంచి దగ్గరి దారిన నేరుగా అందుతుంది. చిన్న బటన్ లోపలి రేకు నిప్పురవ్వలకు కాలిపోకుండా ఉండడం దీని వల్ల కలిగే మరో మేలు.

కారును పుట్టినప్పటి స్థితిలోనే ఉంచాలనే వర్గం రిలేకు అభ్యంతరం చెబుతుంది. తీగల పటంలో లేనిది చేర్చకూడదన్నది వారి వాదన. ఆ వాదనకు గౌరవం ఇవ్వవలసిందే, కానీ స్టీరింగే మార్చిన కారులో దాన్ని పట్టుకుని కూర్చోవడం కుదరదు. బయటి బటన్ పెట్టిన ప్రతి కారుకూ రిలే ఉండడమే సబబు. నాలుగు చివరల రిలేలో 30 అనే చివరకు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగ, 87కు హారన్, 85, 86లలో ఒకదానికి ఫ్యూజు కరెంటు, మరొకదానికి బటన్ తీగ కలుపుతారు. ఎర్త్ పద్ధతి కారులో బటన్ వైపు తీగ మార్చవలసిన పనే ఉండదు. 1960ల మధ్య దాకా బ్రిటన్‌లో తయారైన కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసే ఎర్త్ అయి ఉండేది. అలాంటి కారులో లోపల డయోడు ఉన్న ఆధునిక రిలేను చివరలు చూడకుండా కలిపితే డయోడు షార్ట్ అవుతుంది. డయోడు లేని రిలే ఎంచుకుంటే ఆ బాధ లేదు.

విడి బటన్ సంగతి వేరు. డాష్‌బోర్డు మీద ఒక నొక్కుడు బటన్ పెట్టి స్టీరింగు బటన్‌ను అలంకారంగా వదిలేయడం చాలా కార్లలో కనిపిస్తుంది. అడ్డంగా పరిగెత్తుకొచ్చిన పిల్లవాడి ముందు డ్రైవరు అరచేయి అలవాటుగా వెళ్లేది స్టీరింగు నడుమకే. బటన్ ఎక్కడుందో గుర్తు తెచ్చుకునేంత వ్యవధి అప్పుడు ఉండదు. వేరే డ్రైవరు ఆ కారు ఎక్కితే బటన్ ఎక్కడుందో అసలు తెలియదు. లోపం కనుక్కునే దాకా తాత్కాలికంగా తప్ప ఈ ఏర్పాటును ఒప్పుకోవడం కష్టం. బటన్ నుంచి కాలమ్ దాకా మెలికల టెలిఫోను తీగ లాంటిది వేయడం పందెపు కార్లలో ఉంది. వీధి కారులో అది ఇండికేటర్ కాడకు చుట్టుకునే ప్రమాదం ఉంటుంది. చట్టం విషయానికి వస్తే, మన దేశంలో కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లోని 119వ నియమం మోటారు వాహనానికి హారన్ ఉండి తీరాలని, వరుసగా వేర్వేరు స్వరాలు పలికే హారన్ ఉండకూడదని చెబుతుంది. 2021లో చేర్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. ఆ నమోదు కోరే అంబాసిడర్, ఫియట్ యజమానులు తీసిన స్టీరింగును, దాని రింగును, పెన్సిల్‌ను పారేయకుండా దాచుకోవడం అవసరం. ఆ పెన్సిల్ పొడవు, రింగు మందం కొత్త బాస్‌కు కొలతలుగా కూడా పనికొస్తాయి.

హారన్ కోసం మొదలుపెట్టిన పని స్టీరింగు భద్రతను తాకే చోటు ఒకటుంది. మొన సరిగా ఆనడం లేదని బాస్ కింద వాషర్లు పేర్చితే బాస్ షాఫ్టు పళ్ల మీద తక్కువ మేర కూర్చుంటుంది, నట్టుకూ తక్కువ మరే దొరుకుతుంది. చేతిలోని స్టీరింగు ఊడివచ్చే పరిస్థితి అలా తయారవుతుంది. ఏ హారన్ కోసమూ ఆ పని చేయకూడదు. విప్పే ముందు బ్యాటరీ తీగ తీయడం, చక్రాలు తిన్నగా ఉంచి షాఫ్టు మీద, బాస్ మీద గుర్తు పెట్టుకోవడం, తిరిగి బిగించేటప్పుడు నట్టును కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించడం అలవాటు కావాలి. బాస్ వెనుక ఇండికేటర్‌ను వెనక్కి తెచ్చే బొడిపెలు సరైన కోణంలో లేకపోతే మలుపు తర్వాత ఇండికేటర్ ఆగదు. హారన్‌తో పాటు ఇదీ పోయిందంటే బాస్ ఆ కారుది కాదనే అనుమానించాలి. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో అమ్మే కార్లకు గుద్దుకున్నప్పుడు నలిగే స్టీరింగు కాలమ్ తప్పనిసరి అయింది. అలాంటి కాలమ్ ఉన్న కారులో మొండి బాస్‌కు బదులు నలిగే గుణం ఉన్న బాస్ దొరికితే దాన్నే ఎంచుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగును అలంకారం కోసం తీయడం ఈ చర్చ పరిధిలోకి రాదు, రాకూడదు.

చివరగా హారన్ సంగతి. పాత డిస్క్ హారన్‌లో విద్యుదయస్కాంతం ఒక పలుచని ఉక్కు రేకును లాగుతుంది, లాగిన కదలికే లోపలి కాంటాక్టును విడదీసి కరెంటును ఆపుతుంది, రేకు వెనక్కి రాగానే కాంటాక్టు మళ్లీ కలుస్తుంది. సెకనుకు వందల సార్లు జరిగే ఈ ఆటే కూత. స్టీరింగు పని కోసం నెలల తరబడి షెడ్డులో నిలిచిన కారులో ఆ కాంటాక్టు చిలుము పట్టి ఉండవచ్చు. వలయమంతా సరిచేశాక కూడా హారన్ టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటే, దాని వెనుక ఉన్న చిన్న సర్దుబాటు మరను పావు చుట్టు ఇటో అటో తిప్పి చూడాలి. గొంతు తిరిగి వచ్చాక, చక్రాలు ఒక చివర నుంచి మరో చివరకు తిరుగుతుండగా బటన్‌ను నొక్కి పట్టి వింటే, కూత ఎక్కడా తెగకూడదు. వదిలాక ఏ కోణంలోనూ దానంతట అది రాకూడదు.